సాయానికి వచ్చింది, సీటు అడిగింది

కృత్రిమ మేధ మనిషికి తోడా, మనిషికి బదులా? ఈ ప్రశ్న మీద సదస్సు జరగని ఫైవ్‌స్టార్ హోటలు హైదరాబాదులో మిగిలినట్టు లేదు. వేదిక మీద ఐదు సోఫాలు, సోఫాకొక సీఈవో, చేతిలో మైకు, కాలు మీద కాలు. కింద మెళ్లో ఐడీ కార్డులు వేలాడేసుకున్న జనం. గంటన్నర మేధోమథనం తర్వాత అమృతం పుడుతుంది: తోడే. ముమ్మాటికీ తోడే. మనిషి స్థానం ఎప్పటికీ మనిషిదే. చప్పట్లు, శాలువాలు, ఆనక బఫే.

అదే పెద్దమనుషులు మూణ్నెల్లకోసారి ఇన్వెస్టర్లతో కూడా మాట్లాడతారు. అక్కడ సోఫాలుండవు, అంకెలుంటాయి. ఏఐ వల్ల ఖర్చెంత తగ్గిందని ఎవరో అడుగుతారు. ఐటీ కంపెనీలో ఖర్చంటే ఏముంది, కరెంటు బిల్లూ కాఫీ మెషీనూ పోను మిగిలేవి జీతాలే. జీతాలు తగ్గాయంటే మనుషులు తగ్గారని. ఆ ముక్క అక్కడ ఎంతో సంబరంగా చెప్తారు. కింది అంతస్తులో తోడు, పై అంతస్తులో బదులు. యంత్రం ఒకటే, లిఫ్టు ఎక్కేసరికి దాని ధర్మం మారిపోతుంది.

నాకు యంత్రం మీద పెద్ద కోపం లేదు. చెప్పిన పని చేస్తోంది, చేతకానప్పుడు చేసినట్టు నటిస్తోంది. ఆ రెండో విద్య మనల్ని చూసి నేర్చుకున్నదే కాబట్టి తప్పుపట్టలేం. నా ఫిర్యాదంతా ఆ లిఫ్టులో ఎక్కి దిగేవాళ్ల మీద.

సేల్స్‌ఫోర్స్ అధిపతి మార్క్ బెనియాఫ్‌నే తీసుకోండి. 2025 జులైలో ఆయన, ఏఐ మనుషులకు సాయపడుతుంది గానీ వాళ్ల స్థానంలోకి వస్తుందని తనకు అనిపించడం లేదనే ధోరణిలో మాట్లాడారు. ఎవరెవరో ఏఐ పేరు చెప్పి జనాన్ని తీసేస్తున్నారే, అదేం ఏఐ అని ఆశ్చర్యపోయారు కూడా. రెండు నెలలు తిరిగాయో లేదో, ఒక పాడ్‌కాస్టులో కూర్చుని, కస్టమర్ సపోర్టులో ఉన్న 9,000 మందిని సుమారు 5,000కి దించానని చెప్పుకున్నారు. కారణం దాచలేదు పాపం: ఇప్పుడు అన్ని తలలు అక్కర్లేదట. జులైలో మనుషులుగా ఉన్నవాళ్లు సెప్టెంబరుకల్లా తలకాయలయ్యారు. కొన్ని వందల మందిని వేరే విభాగాల్లో సర్దామని కంపెనీ అంది. సంతోషం. మిగతా తలలు ఏ గోడ మీద తగిలించారో చెప్పలేదు.

ఈయన కనీసం కారణం చెప్పాడు. మిగతావాళ్లది ఇంకో కళ. టీసీఎస్ 2025 జులైలో సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే 12,000 మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. ఎక్కువగా మధ్యస్థాయి, పైస్థాయి వాళ్లు. ఏఐ వల్లనా అంటే, అబ్బే, నైపుణ్యాలు సరిపోలకపోవడం వల్ల అన్నారు సీఈవో కృతివాసన్. అమెజాన్ అధిపతి ఆండీ జాస్సీ ఏఐ వల్ల రాబోయే ఏళ్లలో ఆఫీసు సిబ్బంది తగ్గుతారని జూన్‌లో సొంత చేత్తో రాశారు. అక్టోబరులో 14,000 ఉద్యోగాలు ఎత్తేశాక, దీనికి కారణం డబ్బూ కాదు, ప్రస్తుతానికి ఏఐ కూడా కాదు, సంస్కృతి అన్నారు. వింటుంటే ముచ్చటేస్తుంది. షేరు ధర పెరగాల్సినప్పుడు ఏఐ సర్వాంతర్యామి. మనిషి రోడ్డున పడ్డప్పుడు మాత్రం అది ఆ సమయానికి ఊళ్లోనే లేదు. ఇంత మంచి లాయరు మన సినిమా హీరోలకి కూడా దొరకడు.

మనవాళ్ల సంగతి చెప్పకపోతే బాగుండదు. హైదరాబాద్ పబ్లిక్ స్కూలు కుర్రాడు సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్ 2025లో ఒక్క మే, జులై నెలల్లోనే సుమారు 15,000 మందికి ఉద్వాసన చెప్పింది. డేటా సెంటర్ల మీద 80 బిలియన్ డాలర్లు పెడతామని ఆ ఆర్థిక సంవత్సరానికే ప్రకటించింది. తొలగింపులు తన మనసుకు భారంగా ఉన్నాయని ఆయన సిబ్బందికి లేఖ రాశారు. నిజమే అయ్యుంటుంది. బరువు మనసు మీద, వేటు మెడ మీద. ఎవరి వాటా వాళ్లకి. పశ్చిమ గోదావరిలో పుట్టిన అరవింద్ కృష్ణ ఐబీఎం అధిపతి హోదాలో 2023 మేలో ఇంకో లెక్క చెప్పారు: కస్టమర్లకి ఎదురుపడని 26,000 ఉద్యోగాల్లో 30 శాతం, అంటే 7,800 దాకా, అయిదేళ్లలో యంత్రాలకి పోవచ్చు. రెండేళ్ల తర్వాత, కొన్ని వందల మంది హెచ్‌ఆర్ వాళ్ల పని ఏఐ చేస్తోందనీ, మిగిలిన డబ్బుతో ప్రోగ్రామర్లనీ సేల్స్ వాళ్లనీ తీసుకోవడంతో మొత్తం ఉద్యోగాలు పెరిగాయనీ అన్నారు. అందరికీ ఉద్యోగం పోయిందని చెప్పేది హెచ్‌ఆర్. ఆ హెచ్‌ఆర్‌కి ఆ కబురు ఎవరు చెప్పారో అని నాకు అప్పట్నుంచీ ఒకటే కుతూహలం.

నాదెళ్ల, కృష్ణల పేరు చెప్పుకుని మనం ఫ్లెక్సీలు కట్టాం, స్కూలు పుస్తకాల్లో పాఠం పెట్టమన్నాం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని కదా సామెత. గరిటె పట్టుకున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు మనవాళ్లే. వడ్డన సంగతలా ఉంచి, ముందు విస్తరి తీసేస్తున్నారు.

హైటెక్ సిటీలో ఏ కంపెనీ టౌన్‌హాల్ మీటింగుకి వెళ్లినా సీను ఇదే. పేర్లు మీకు తెలిసినవి పెట్టుకోండి. హెచ్‌ఆర్ మేడమ్ స్లయిడు మారుస్తుంది. దాని మీద ఈ దశాబ్దపు వేదవాక్యం: ఏఐ మీ ఉద్యోగం తీసుకోదు, ఏఐ వాడటం తెలిసినవాడు తీసుకుంటాడు. వెనక వరసలోంచి టెస్టింగ్ లీడ్ ఒకతను, పదిహేనేళ్ల సర్వీసు, నానక్‌రామ్‌గూడ వైపు ఫ్లాటు, ఇంకా సగం తీరని లోను, చెయ్యెత్తుతాడు.

"మేడమ్, ఏఐ వాడటం నేర్చుకున్నానండీ. సర్టిఫికెట్ కూడా అప్‌లోడ్ చేశాను."

"వెరీ గుడ్! చూశారా, ఇదీ లెర్నింగ్ మైండ్‌సెట్ అంటే."

"మా టీమ్‌లో పన్నెండు మందిమీ నేర్చుకున్నామండీ."

"ఎక్సలెంట్. అందరూ చప్పట్లు కొట్టండి."

"మరి పన్నెండు మందిమీ ఉంటామా మేడమ్?"

చప్పట్లు సగంలో ఆగాయి. "అంటే... అది బిజినెస్ రిక్వైర్‌మెంట్‌ని బట్టి ఉంటుందండీ. ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం."

ఆఫ్‌లైన్ అంటే శుక్రవారం సాయంత్రం నాలుగున్నర. సబ్జెక్టు లైన్లో "క్విక్ కనెక్ట్" అని ఉంటుంది. రూములోకి వెళ్లేసరికి ముగ్గురు కూర్చుని ఉంటారు, బల్ల మీద ఒక టిష్యూ డబ్బా ఉంటుంది. ఆ డబ్బా చూస్తే చాలు, విషయం అర్థమైపోతుంది.

ఆ వేదవాక్యంలో ఉన్న గడుసుతనం గమనించండి. ఉద్యోగం పోతే తప్పు ఏఐది కాదు, దాన్ని కొన్నవాడిదీ కాదు, నీది, నువ్వు నేర్చుకోలేదు. నేర్చుకున్నావా, మరీ మంచిది: నువ్వు ఇద్దరి పని చేస్తావు కాబట్టి పక్కవాడు పోతాడు. నువ్వింకా బాగా నేర్చుకుంటే ఆ పక్కవాడు కూడా పోతాడు. చివరికి అందరికంటే బాగా నేర్చుకున్నవాడు ఒక్కడు మిగులుతాడు, వాడికి ఆ ఏడాది బెస్ట్ పెర్ఫార్మర్ అవార్డూ, ఐదు వేల రూపాయల గిఫ్ట్ వోచరూ.

ఐటీలో కేటీ అని ఒక సంప్రదాయం ఉంది. ప్రాజెక్టు వదిలి వెళ్లేవాడు వచ్చేవాడికి పని అప్పజెప్పడం. ఫలానా సర్వరు సోమవారం పొద్దున్నే మొండికేస్తుంది, ఫలానా క్లయింటుకి మెయిల్ కంటే ఫోన్ ఇష్టం, ఫలానా కోడు ఎవరు రాశారో తెలీదు గానీ ముట్టుకోకండి. ఇలాంటి అనుభవమంతా ఇచ్చి వెళ్లాలి. ఇప్పుడా కేటీ యంత్రానికి ఇస్తున్నారు. రోజూ నువ్వు అడిగే ప్రశ్న, అది చెప్పే తప్పు జవాబు, నువ్వు దిద్దే దిద్దుబాటు, అన్నీ పాఠాలే. కొత్తగా చేరిన కుర్రాడికి నేర్పితే వాడు కనీసం కింద బండి దగ్గర ఇరానీ చాయ్ తాగించేవాడు, "అన్నా, నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణి" అనేవాడు. ఇది బొటనవేలు గుర్తు అడుగుతుంది. పైకా, కిందికా.

ఇంటికి సాయం వచ్చిన చుట్టం కథ మనకి తెలియనిదా. పండక్కి అప్పాలు వండిపెడతానని వస్తుంది. మూడో రోజుకి డబ్బాలు సర్దుతుంది, వారానికి తాళంచెవులు దానికే తెలుస్తాయి. నెల తిరిగేసరికి ఇంటావిడే దాన్ని అడిగి పంచదార తీసుకోవాలి. అయితే చుట్టాన్ని పిలిచింది ఎవరు, తాళంచెవులు ఇచ్చిందెవరు అన్నది ఎవరూ అడగరు, తిట్టేది చుట్టాన్నే.

ఇక్కడ నాకు లెక్క కుదరని సంగతి ఒకటుంది. ఏఐ మన పనిలో సగం చేసేస్తుందని చెప్పే ఈ కార్పొరేట్ కుటుంబంలోనే, వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023లో కుర్రాళ్లకి హితవు చెప్పారు. ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్‌కి అది చాలలేదు. 2025 జనవరిలో 90 గంటల మాట బయటికొచ్చింది, ఆదివారం ఇంట్లో కూర్చుని పెళ్లాం మొహం ఎంతసేపు చూస్తారన్న ప్రశ్నతో సహా. పనేమో యంత్రం చేస్తుంది, గంటలేమో మనిషి పెంచాలి. ఇంతకీ ఆ 90 గంటలూ మనిషి ఏం చేయాలి? యంత్రం మొహం చూడాలా? కీన్స్ అనే ఇంగ్లిషు ఆర్థికవేత్త 1930లో, వందేళ్లకి మనవలు వారానికి 15 గంటలు పనిచేస్తే చాలు, మిగతా తీరికని ఏం చేసుకోవాలన్నదే పెద్ద సమస్య అవుతుందని రాశాడు. 2030 ఎంతో దూరం లేదు. ఆ సమస్య కోసం మాదాపూర్ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో కూర్చుని ఎదురుచూస్తున్నాం.

పోనీ, ఇంత హడావిడి చేసిన యంత్రం పనైనా సరిగ్గా చేస్తోందా? 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ అనుభవమున్న 16 మంది ప్రోగ్రామర్లకి, వాళ్లు ఏళ్లుగా ఎరిగిన కోడు మీదే, ఏఐ ఇచ్చి, ఇవ్వక పరీక్ష పెట్టింది. ఏఐ వాడినప్పుడు పని 19 శాతం ఎక్కువ సమయం తీసుకుంది. అసలు వేడుక అది కాదు: పనంతా అయ్యాక అడిగితే, తాము 20 శాతం తొందరగా చేశామని వాళ్లు నమ్ముతున్నారు. బుర్రలున్న ప్రోగ్రామర్లే ఇలా నమ్మితే, పవర్‌పాయింటు తప్ప ఇంకేమీ తెరవని పెద్దాయన ఎంత నమ్మాలి?

2016లో ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ రేడియాలజిస్టులకి శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయండి, అయిదేళ్లలో యంత్రం వాళ్లని మించిపోతుందన్నారు. 2024లో ఆయనకి నోబెల్ వచ్చింది. మనకి రేడియాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంటు ఇంకా రాలేదు.

స్వీడన్ కంపెనీ క్లార్నా 2024 ఫిబ్రవరిలో తమ ఏఐ 700 మంది కస్టమర్ ఏజెంట్ల పని చేస్తోందని చాటింపు వేసింది. 2025 మే వచ్చేసరికి, ఖర్చు మీదే ధ్యాస పెట్టడంతో నాణ్యత పడిపోయిందని, మళ్లీ మనుషుల్ని తీసుకుంటామని అధిపతే ఒప్పుకున్నారు. ఆస్ట్రేలియాలో కామన్వెల్త్ బ్యాంకు వాయిస్ బాట్ పెట్టి 45 మందిని తీసేస్తామంది. కాల్స్ తగ్గకపోగా పెరిగాయని యూనియన్ నిరూపించాక ఆగస్టులో క్షమాపణ చెప్పి ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. వాళ్లకి యూనియన్ ఉంది. తెనాలి నుంచి బ్యాంకుకి ఫోన్ చేసే మన పెద్దాయనకి ఎవరున్నారు?

"నమస్కారం. మీ సమస్యను క్లుప్తంగా చెప్పండి."

"అమ్మాయ్, ఈ నెల నా పింఛను పడలేదమ్మా."

"మీరు పర్సనల్ లోన్ అన్నారు. అయితే అవును అనండి."

"అవునా? ఈ వయసులో లోనెందుకమ్మా నాకు? పింఛను, పింఛను."

"ధన్యవాదాలు. మీ లోన్ అభ్యర్థన నమోదైంది. ఈ సేవకు అయిదులో ఎంత రేటింగ్ ఇస్తారు?"

అన్నిటికంటే నాకు నచ్చింది ఎయిర్ కెనడా వాదన. వాళ్ల వెబ్‌సైట్లో చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి చార్జీ రాయితీ గురించి తప్పు చెప్పింది. ఇంట్లో మనిషి చనిపోతే ఇచ్చే రాయితీ అది. ఆయన దాన్ని నమ్మి టికెట్ కొన్నాడు, తర్వాత కంపెనీ ఇవ్వనంది. కేసు బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్‌కి వెళ్లింది. అక్కడ అంత పెద్ద విమాన సంస్థ నిలబడి చెప్పినదాని సారాంశం: చాట్‌బాట్ వేరే శాల్తీ, దాని చేతలకి అదే బాధ్యురాలు. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ ముక్క కొట్టిపారేసి డబ్బు కట్టమంది. జీతం ఇవ్వరు, సెలవివ్వరు, పీఎఫ్ కట్టరు, తప్పు జరిగినప్పుడు మాత్రం బాధ్యత మొత్తం దానిదే. చూడబోతే యంత్రానికి సాటి ఉద్యోగి హోదా వాళ్లు నిజంగానే ఇచ్చారు.

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి, దూరదేశాలు కాబట్టి. ఇంటి దగ్గరిది ఒకటి ఉంది, దానికి నవ్వు రాదు.

తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థని పెట్టుకుంది. ఆస్తులు, వాహనాలు, కరెంటు, ఉద్యోగాలు, రకరకాల ఖాతాల వివరాలన్నీ ఒకచోట కలిపి, పేర్లూ చిరునామాలూ సరిపోల్చి, ఎవరు పేదో ఎవరు కాదో కంప్యూటరే తేల్చేస్తుంది. రేషన్ కార్డుల ఏరివేతకి దాన్ని వాడారు. 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల్ని మళ్లీ క్షేత్రస్థాయిలో, అంటే మనిషి ఇంటికెళ్లి, పరిశీలించమని చెప్పాల్సి వచ్చింది. పరిశీలిస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. 2024లో అల్ జజీరా బయటపెట్టిన ఉదంతాల్లో ఒకటి: హైదరాబాద్ బస్తీలో రిక్షా తొక్కి బతికిన మనిషిని కంప్యూటరు కారున్న ఆసామిగా రాసుకుంది. ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి.

పాత రెవెన్యూ గుమస్తాని నేనేం పొగడబోవడం లేదు. టీ ఖర్చులడుగుతాడు, మూడుసార్లు తిప్పుతాడు, మూడోసారి లంచ్‌కి వెళ్లాడంటారు. అయినా ఒక్కసారి ఆ సందులోకి నడిచి వస్తే గుమ్మం ముందు ఆనించి ఉన్న రిక్షా కంటపడుతుంది. కారు ఏదీ అని వాడే అడుగుతాడు. యంత్రానికి ఆ సందు లేదు, ఆ గుమ్మం లేదు. పేరుంది, పేరులాంటి ఇంకో పేరుంది. అక్కడ ఏఐ గుమస్తాకి తోడుగా వచ్చి ఉంటే ఎంత బాగుండేది: ఈ ఇంట్లో ఏదో తేడాగా ఉంది, వెళ్లి చూసిరండి అని. అలా చేస్తే గుమస్తా జీతం, జీపు డీజిలు, చూసొచ్చే తీరిక కావాలి. ఆ తీరికే కదా ఆదా చేసింది. ఆదా అయిన సొమ్ము బడ్జెట్లో ఒక పద్దుగా కనిపిస్తుంది. అన్నం తినని పూటకి పద్దు లేదు.

తోడంటే ఎలా ఉంటుందో మనకి ఎవరూ కాలిఫోర్నియా నుంచి వచ్చి చెప్పక్కర్లేదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో ఉంది. పోచంపల్లి పట్టుచీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి ఆ చెయ్యి 9,000 సార్లు కదలాలి. రోజుకి రెండు చీరలంటే 18,000. ఆ పని ఇంటి ఆడవాళ్లది. చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి చేసింది, రాత్రిళ్లు భుజం పట్టుకుని మూలిగింది, ఇక నా వల్ల కాదురా అంది. ఆరో తరగతితో బడి మానేసిన ఆ కొడుకు చేతికొచ్చిన ప్రతి రూపాయీ పోసి, ఊరంతా పిచ్చోడంటుంటే ఏళ్ల తరబడి కొట్టుకుని, 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. గంటల తరబడి పట్టే పని గంటన్నరకి దిగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన మీద సినిమా తీశారు, మనమంతా చూసి కళ్లు తుడుచుకున్నాం.

కళ్లు తుడుచుకుని వచ్చి మనం గమనించకుండా వదిలేసింది, ఆ యంత్రం ఎక్కడ మొదలైందన్నది. భుజం నొప్పి దగ్గర. మల్లేశం ముందు జీతాల పట్టీ ఏదీ లేదు, ఎవర్ని తగ్గించాలన్న లెక్క లేదు. నొప్పి ఎవరిదో వాళ్లనే అడిగాడు, మిగిలిన గంటలు వాళ్లకే వదిలేశాడు. మగ్గం ఇంట్లోనే ఉంది, చీర మీద డిజైను నేతగాళ్లదే. ఇప్పటి మన ఏఐ ప్రాజెక్టు ఏదైనా తెరిచి చూడండి, మొదటి స్లయిడు మీద నొప్పి ఎవరిదని ఉంటుందో. క్లయింటుది. ఆ క్లయింటు నొప్పికి పేరు జీతాల బిల్లు. దారమూ అదే, తెలివీ అంతే అయినా, మరమగ్గం పేరుతో వచ్చిన యంత్రం చేనేతని ఏం చేసిందో సిరిసిల్ల నుంచి చీరాల దాకా ఎవర్నడిగినా చెప్తారు.

మరి యంత్రాన్ని విరగ్గొట్టాలా అంటే, ఇంగ్లండు మగ్గాలవాళ్లు అదీ చేసి చూశారు. 1812లో పార్లమెంటు యంత్రం విరగ్గొడితే మరణశిక్ష అని చట్టం చేసింది, మరుసటి ఏడాది యార్క్‌లో 17 మందిని ఉరితీశారు. మనిషి బతుకు విరగ్గొడితే ఏం శిక్షో ఆ చట్టం రాయలేదు. తర్వాత వచ్చినవీ రాసినట్టు లేవు.

ఏఐ ఉద్యోగాలు సృష్టించదని మాత్రం నేను అనను, పాపం వస్తుంది. అమీర్‌పేట మైత్రీవనం దగ్గరికి వెళ్లి తలెత్తి చూడండి. ఒకప్పుడు జావా, శాప్, టెస్టింగ్ టూల్స్ అని ఉన్న గోడల మీదే ఇప్పుడు జెనరేటివ్ ఏఐ, ఏజెంటిక్ ఏఐ, వంద శాతం ప్లేస్‌మెంట్, మొదటి మూడు డెమో క్లాసులు ఉచితం. ఏఐ వల్ల పని పోయినవాళ్లకి ఏఐ నేర్పేవాళ్లకి పని దొరికింది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లోనూ అంతే; అబ్బాయి ఉద్యోగాన్ని మింగేదేదో ఆ పేరు మీదే బ్రాంచి పెట్టి, తండ్రి చేత పొలం అమ్మించి, సీటిస్తున్నారు.

అందుకని, తోడా బదులా అన్న చర్చకి నాకిక ఓపిక లేదు. ఈ విషయంలో మన సినిమావాళ్లు కాదు గానీ, హాలీవుడ్ రచయితలు పని చేసి చూపించారు. 2023లో 148 రోజులు సమ్మె చేశారు, ఎండలో ప్లకార్డులు పట్టుకుని తిరిగారు. చివరికి ఒప్పందంలో రాయించుకున్నారు: ఏఐని రచయితగా లెక్కించకూడదు, వాడి తీరాలని రచయితని బలవంతపెట్టకూడదు, ఏఐ రాసినదేదైనా చేతికిస్తే ఆ సంగతి ముందే చెప్పాలి. తోడు అని వేదిక మీద అనిపించుకోవడానికి సోఫా చాలు. కాగితం మీద రాయించుకోవడానికి అయిదు నెలలు పట్టింది.

కాబట్టి వచ్చే సదస్సులో శాలువా కప్పేముందు వేదిక మీది పెద్దలకి ఒక కాగితం ఇద్దాం. నాలుగే మాటలు. ఈ యంత్రం వల్ల నా టీమ్‌లో ఏ ఒక్కరినీ తీసేయను. అది రోజుకి మూడు గంటలు మిగిల్చితే, ఆ మూడు గంటలు ముందే వాళ్లని ఇంటికి పంపుతాను. అది తప్పు చేస్తే ఆ తప్పు నాది. మిగిలిన డబ్బులో సగం దానికి కేటీ ఇచ్చినవాళ్లది. అంత గట్టిగా తోడు, తోడు అని చెప్పినవాళ్లకి ఇందులో కొత్తగా ఒప్పుకోవాల్సింది ఏముంది? వంద రూపాయల స్టాంపు పేపరు మీద టైపు చేయించి తెస్తాం. నోటరీ ఖర్చు కూడా మేమే పెట్టుకుంటాం.